మేసిన రాయి

నడుము దాకా నీళ్ళొచ్చాక గానీ ఒడ్డు దారి మూసుకుపోయిందని తోటికోడళ్ళిద్దరికీ అర్థం కాలేదు. ఆల్చిప్పలు ఏరుకుందామని, సముద్రం వెనక్కి తగ్గిన వేళ చింతపల్లి రాళ్ళ మీదికి నడిచొచ్చారు నీలవేణి, కూర్మమ్మ. పోటు మొదలవడం ఇద్దరూ చూశారు. కానీ ముందు ఇంటిదారి పట్టినవాళ్ళు ఓడినట్టే కదా. ఎవరికి వారు వంగి ఏరుకుంటూనే ఉన్నారు. పోనీ చెప్పుకుందామంటే వాళ్ళ మధ్య మాటల్లేవు.

నీలవేణి గబగబా దగ్గర్లో ఉన్న బోడిరాయి ఎక్కింది. కూర్మమ్మ ఒకసారి ఇటు చూసి, మూతి తిప్పుకుని, అవతల ఉన్న పాచిరాయి మీదికి పాకింది. చూపుకి రెండు రాళ్ళూ ఒకే ఎత్తు. మొగుళ్ళిద్దరూ కొత్తగా వచ్చిన నైలాను వల కొనడానికి విశాఖపట్నం పోయారు. కేకేసినా ఒడ్డున పలికే నాథుడు లేడు.

ఇంతకీ గొడవ నీలవేణి కోడి గురించి. అది కూర్మమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్ని పొడిచి తినేసింది. మాటా మాటా పెరిగింది. అప్పటి నుంచి నీలవేణి ఆవిడని అక్క వరసలో 'అప్పా' అని పిలవడం మానేసింది. మరీ తప్పకపోతే చెప్పాల్సింది గోడకో పిల్లికో చెప్పాలి, అవతలివాళ్ళు వినాలి. ఇక్కడ గోడా లేదు, పిల్లీ లేదు. రాళ్ళ మీద వాలిన కాకి ఒకటుంది.

“ఒరే కాకీ, పాచి పట్టిన రాయంటే నీట్లో మునిగే రాయని ఆయమ్మకి సెప్పు. ఇక్కడ సోటుంది, రమ్మను” అంది నీలవేణి.

నాగావళి ఒడ్డున పుట్టిన పిల్ల. రేవు మెట్ల మీద పాచి ఎందాకా ఉంటే ఏరు అందాకా వస్తుందని ఆమెకు చిన్నప్పుడే తెలుసు.

“నేనిక్కడ బాగానే ఉన్నానని సెప్పు” అంది కూర్మమ్మ, అదే కాకితో.

నీలవేణికి ఒళ్ళు మండింది. గంప నెత్తిన పెట్టుకుని నెల్లిమర్ల దాకా చేపలమ్మే మనిషి, ఒకరి మాట వింటుందా? కానీ మంట చల్లారగానే భయం పట్టుకుంది. మొన్న పురిట్లో తనకు నీళ్ళు పోసింది ఈవిడే. గుప్పెడు నెత్తళ్ళ కోసం ఆ మనిషి నీళ్ళపాలైపోతుందా?

అంతలో అల ఒకటి వచ్చి నీలవేణి పాదాలే ముంచింది. తర్వాతి అల చీలమండలు దాటింది. ఇంటి దగ్గర ఉయ్యాల్లో పాల కోసం ఏడ్చే చంటిది గుర్తొచ్చింది.

అప్పుడే పాదాల మధ్య ఏదో కదిలింది. వేలెడు చేప. గోధుమరంగు ఒళ్ళు, మొద్దు తల, మిడిగుడ్లు. రాతి బొక్కల్లో కాపురముండే చేప అది. ఊళ్ళో దానికి పేరు కూడా లేదు. కూరకు పనికిరాని చేపకు పేరెవరు పెడతారు? అది నోరు రాతికి ఆనించి గీకుతోంది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఓ మంద. నీటితోపాటే రాయెక్కి, కంచం ఊడ్చుకు తినేవాళ్ళలా, పాచి అన్నది మిగలకుండా తింటున్నాయి.

నీలవేణికి ఏటిగట్టు గుర్తొచ్చింది. పశువుల మూతి అందినంత మేరా గట్టు బోడిగా ఉండేది. అందని చోటే గడ్డి పచ్చగా ఉండేది. అంటే ఈ రాయి బోడి అయింది నీరు అందక కాదు. పోటు వచ్చినప్పుడల్లా నీరొచ్చి, నీటితో ఈ చేపలొచ్చి మేసిపోతే బోడి అయింది. పక్క రాయి మీద పాచి అంత పచ్చగా మిగిలిందంటే అక్కడికి వీటి మూతి అందదు, నీరూ అందదు. అది అలల తుంపరకి పెరిగిన పాచి. మునిగేది ఆవిడ రాయి కాదు, తనది.

కాకి ఎప్పుడో ఎగిరిపోయింది. ఇక దానితో పనీ లేదు.

“అప్పా, సెయ్యియ్యి. ఈ రాయి మునిగిపోతాది.”

కూర్మమ్మ పాచి మీద బోర్లా పడి చెయ్యి చాచింది. నీలవేణి నీట్లోకి దూకింది. అల ఆమెను పక్కకి లాగింది. చెయ్యి అందలేదు గానీ జుట్టు అందింది. కూర్మమ్మ జుట్టు పట్టుకునే పైకి ఈడ్చింది.

చూస్తుండగానే బోడిరాయి కనబడకుండా పోయింది. ఈ రాతి కింద మాత్రం నీరు పాచి అంచు దాకా వచ్చి ఆగింది. చేపలూ అక్కడే ఆగి మేస్తున్నాయి. నీలవేణి వాటికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

“నా సంటిదానికి తల్లిని మిగిల్సినారు. మీ మేలు మర్సిపోను” అని ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషమే ఎక్కువ.

తర్వాత కూర్మమ్మ కాళ్ళు పట్టుకుంది. “నీకు తెలుసు గాబట్టే ఈ రాయెక్కినావు. బాగానే ఉన్నానని సెప్పినా నేనే ఇన్లేదు. నెత్తళ్ళ తప్పు కూడా నాదే అప్పా.”

కూర్మమ్మ బోడిరాయి మునిగిన చోటుని కాసేపు చూసింది. తడికొంగుతో తోటికోడలి మొహం తుడిచింది.

“నాకేటి తెలుసే పిల్లా. నేనూ ఆ బోడిరాయే ఎక్కుదావనుకున్నాను. నీ పక్కన నిలబడ్డం ఇష్టంలేక ఇటొచ్చినాను.”