ఖాకీ పట్టీ

పంద్రాగస్టున జెండా వందనం కాగానే ఇంటింటా స్వాతంత్ర్యోద్యమ చిత్రం మొదలవుతుంది. చూడటమంటే పట్టీలు కట్టుకుని చూడటమే. ఖాకీ పట్టీ కట్టినవారి చెయ్యి తెరమీది పోలీసు చెయ్యిలా లేస్తుంది. ఆ చెయ్యి గాలిలో దిగినప్పుడల్లా ఖద్దరు పట్టీ కట్టినవారి ఒంటిమీద లాఠీ దెబ్బ పడుతుంది.

పెళ్ళయినప్పటి నుంచీ హైమవతికి ఖద్దరు పట్టీయే. ఈసారి మొగుడు పురుషోత్తానికి భుజం బెణకడంతో ఖాకీ ఆమె చేతికొచ్చింది.

తెరమీద ఊరేగింపు కదిలింది. ఆమె చెయ్యి దానంతటదే లేచి దిగింది. జెండా దగ్గర పంచిన లడ్డూ నోట్లో ఉండగానే పురుషోత్తం నేలమీద పడ్డాడు. మోచెయ్యి, నుదురు, వెన్ను, మళ్ళీ వెన్ను. ఆమెకు ఏడుపొచ్చింది. చెయ్యి ఆగితేనా!

అంతలో తెరమీద దొర విజిలేశాడు. పోలీసులు లాఠీలు దించారు. ఆమె చెయ్యి చటుక్కున ఆమెదైపోయింది. పట్టీ మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది; అంటే, తనంతట తాను చెయ్యి విసిరినా దెబ్బ పడుతుంది.

ఇన్నేళ్ళలో ఆ విజిలు ఆమె ఒక్కసారీ వినలేదు. కిందపడ్డవాళ్ళకి తమ కేకలే తప్ప ఏమీ వినపడవు. తెర ఆరిపోయేదాకా ఆమె మీద దెబ్బలు పడుతూనే ఉండేవి. అదంతా చరిత్రే అనుకుని, దేశం కోసమని, పళ్ళబిగువున ఓర్చుకుంది.

పురుషోత్తం తల చేతుల్లో దాచుకుని వణుకుతున్నాడు.

“ఒసేయ్, విజిలు ఇంకా వెయ్యలేదటే?”

ఆయనకు విజిలు సంగతి తెలుసు.

“ఇంకా లేదండీ,” అంది హైమవతి, చెయ్యెత్తుతూ.