పడవ దిగిన వంటమనిషి

చేపల పళ్లెం నా కాళ్ల దగ్గర భళ్లున పగిలింది.

“కెప్టెన్! దీన్ని దించెయ్! దీని మొహం చూస్తే ముద్ద దిగట్లేదు” అని అరిచాడు పెద్దమనిషి. వారం రోజులు దీవులన్నీ చుట్టి రావడానికి మా విలాసనౌకను అద్దెకు తీసుకున్నాడు. ఎక్కినప్పటినుంచీ ఇసుక కాలినా, సముద్రం ఉప్పగా ఉన్నా తిట్లు నాకే.

“అలాగే సార్. ఎదురుగా కనిపించే దీవిలో దించేస్తాను” అన్నాడు కెప్టెన్. నావైపు కన్నెత్తి చూడలేదు.

నా ఒళ్లు మండిపోయింది. నన్ను అన్నన్ని మాటలంటుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడే తప్ప నా తరఫున ఒక్క మాట అనలేదు!

బట్టలు సంచిలో కుక్కుకుని పైకొచ్చాను. అప్పటికే లంగరు వేశారు. ఒడ్డుకు వెళ్లే చిన్న పడవలోకి దిగి, “తెడ్డు ఇలా పడెయ్యండి. నేనే పోతాను” అన్నాను.

కెప్టెన్ టోపీ తీసి చుక్కాని చక్రానికి తగిలించాడు. తన సంచీ తెచ్చి నా పక్కన విసిరాడు.

“నువ్వెక్కడికయ్యా? ఈ నౌకెవరు నడుపుతారు?” పెద్దమనిషి గొంతు చించుకున్నాడు.

“కంపెనీకి ఫోన్ చేశాను సార్. రేపు ఇంకో కెప్టెన్ వస్తాడు. అందాకా చేపలు మీరే వేయించుకోండి.”

పనిలో ఉన్నంతసేపూ మేం మొగుడూ పెళ్లాలమని అతిథులకు తెలియకూడదని కంపెనీ షరతు. ఇన్నేళ్లూ నిష్ఠగా పాటించిన ఆ షరతును గాలికొదిలేసి, “కాస్త జరగవే” అన్నాడు నా మొగుడు.

నేను జరగలేదు.