గంగాళం బరువు

తుపాను హెచ్చరిక రాగానే ఉప్పాడలో ఇళ్ళన్నీ ఇనప కాళ్ళు చాచుకుని పైకి లేచాయి. మా ఇల్లు మాత్రం కదల్లేదు.

"బరువు ఎక్కువైంది. ఒకరు దిగాలి," అంది ఇల్లు.

కాళ్ళు లేని పాత పెంకుటింటి నుంచి మా దగ్గర తలదాచుకోడానికొచ్చిన పోలమ్మ, చంకలో మూటతో గుమ్మం వైపు నడిచింది.

"కూర్చోవే!" అని కసిరింది మా అత్త నూకరత్నం. ఇంటి మీదా అరిచింది. "మనిషిని దిగమంటావా, సిగ్గులేదూ?"

తర్వాత నా వైపు తిరిగి నసిగింది. "గాలివానకి ముందు నీళ్ళు పట్టుకోవడం అలవాటు కదే. గంగాళం, బిందెలు, ఆఖరికి పప్పుగిన్నెలు కూడా నింపేశాను."

ఒక్క బిందె ఉంచి, మిగతావన్నీ గుమ్మంలోంచి వంచేశాం. ఇల్లు మూలిగి, మెల్లగా లేచింది. కాసేపటికి సముద్రం పొంగొచ్చి మా కిందనుంచి వెళ్ళిపోయింది.

అప్పుడు పోలమ్మ చంకలోని మూట కింద పెట్టింది.