ఊదారంగు తలుపు

“మీకు కుదరదండీ,” అన్నాడు బావమరిది, క్లబ్బు తలుపుకి అడ్డంగా నిలబడి.

“ఏం, నాకేం తక్కువైంది?” అన్నాడు సూటు వేసుకున్న పెద్దమనిషి.

“తక్కువేం లేదండీ. ఇవాళ మీ ముఖంలో కాస్త తృప్తి ఎక్కువగా ఉంది.”

పెద్దమనిషి ముఖం మాడ్చుకుని పక్కకి తప్పుకున్నాడు. వెనకున్నవాళ్ళు అడుగు ముందుకి జరిగారు. ఇంకా చీకటైనా పడలేదు, అప్పుడే వరస వీధి మలుపు దాటి పోయింది.

ఇలాంటి మాటలు బావమరిదికి సొంతంగా రావు. అన్నీ బావ నేర్పినవే. ముందు చెప్పులకి వంక పెట్టాలి. అవి బాగుంటే పాపిట చూడాలి. పాపిట కూడా తిన్నగా ఉంటే ఇక ముఖమే గతి. ఎంతటివాడైనా సరే, ఆ ఊదారంగు తలుపు దాటనివ్వకూడదు. లోపలికి వెళ్ళాల్సిన గొప్పవాళ్ళు వెనక ద్వారం నుంచి వెళ్తారట. కాపలా కాసేవాడు లోపలికి తొంగి చూస్తే క్లబ్బు పరువు పోతుందట. బావ మాట అంటే బావమరిదికి వేదవాక్కు.

కాక మరి? బావ ఈ దేశంలో దిగినప్పుడు ఇక్కడి భాషలో “క్షమించండి” అన్న మాట ఒక్కటే వచ్చు. ఆ ముక్కతోనే ఓ హోటల్లో గిన్నెలు తోమి, వెయిటరై, చివరికి సొంతంగా డాన్సు క్లబ్బు పెట్టాడు. దానికి జనం రాలేదు, మూతపడింది. రెండోది పెట్టాడు. జనం విరగబడి వచ్చారు. గ్లాసులు పగలగొట్టారు, కుర్చీలతో కొట్టుకున్నారు, ఎవడో మహానుభావుడు బాత్రూములో కుళాయి ఊడబెరుక్కుపోయాడు. అదీ మూతపడింది. ఆ తర్వాత చాన్నాళ్ళు మంచం దిగకుండా ఆలోచించి బావ ఈ మూడోది పెట్టాడు. ఇప్పుడు ఊళ్ళో ఇంత పేరున్న క్లబ్బు ఇంకోటి లేదు.

రాత్రంతా తలుపు వెనక నుంచి పాటలు దద్దరిల్లేవి. లోపల గాజు నేల కింద చేపలు ఈదుతాయని ఎదురు వీధి దర్జీ చెప్పాడు. కళ్ళారా చూశానని పిల్లల మీద ఒట్టేశాడు. ఒక పత్రికాయన “లోపలి వైభవం వర్ణించడానికి మాటలు చాలవు” అని రాసి, నిజంగానే వర్ణించకుండా ఊరుకున్నాడు.

తిప్పి పంపినవాళ్ళు ఊరికే ఇంటికి పోయేవాళ్ళు కాదు. పక్కనే బావదే ఓ చిన్న హోటలు. గల్లాపెట్టె దగ్గర అక్క కూర్చునేది. పరాభవం జరిగితే ఆకలి పెరుగుతుందేమో, అందరూ అక్కడ చేరి, కడుపు నిండా తిని, తాగి, కాపలావాణ్ణి నోరారా తిట్టి, మర్నాడు కొత్త చెప్పులతో మళ్ళీ వరసలో నిలబడేవాళ్ళు.

బావమరిదికి ఉన్న జబ్బల్లా ఒక్కటే, మెత్తని మనసు. అతనికి ముందున్న కాపలావాడు డ్యూటీలో ఊరికే నవ్వుతున్నాడని బావ పనిలోంచి తీసేశాడు.

“నీతో ఆ బాధ లేదురా. నీ ముఖం చూస్తే ఎవరైనా నమ్ముతారు,” అంటూ పెద్ద తాళంచెవి ఒకటి అతని నడుముకి కట్టాడు. “ఇది తియ్యడానికి కాదు, జనానికి కనబడ్డానికి. ఒక్కళ్ళని లోపలికి పంపావో, మర్నాడే నిన్ను విమానం ఎక్కిస్తా.”

విమానం ఎక్కితే పరువు గంగలో కలిసినట్టే. ఇంటి దగ్గర అందరికీ క్లబ్బు మేనేజరునని చెప్పేశాడు. ఆ మాట మీదే పెళ్ళి సంబంధం కూడా ఖాయమైంది.

సూటాయన వెనకాలే ఓ మామ్మ వచ్చింది. రోజూ వస్తుంది, వెండిరంగు చెప్పులేసుకుని. రోజూ తిప్పి పంపుతాడు. ఆ రాత్రి అతనికి అన్నం సయించదు.

“నా చెప్పులు బాగున్నాయా నాయనా?”

“బాగున్నాయండీ.”

“పాపిట?”

“తిన్నగా ఉందండీ.”

“మరింకేం?”

బావమరిది తలుపుకేసి చూశాడు. “లోపల బొత్తిగా చోటు లేదండీ మామ్మగారూ.”

“రేపు మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నా. అక్కడ అన్నీ పథ్యాలే. ఒక్క పాటకి గంతులేసి పోతాను నాయనా. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నడుంనొప్పి అని తప్పించుకున్నాడు.”

బావమరిదికి నిజంగానే ఏడుపొచ్చింది. కళ్ళ ముందు విమానం మెదిలింది, కాబోయే మామగారు మెదిలాడు. ఎవరు మెదిలినా మామ్మ మాత్రం కదలకుండా అక్కడే నిలబడి ఉంది.

“పదండి మామ్మగారూ,” అంటూ తాళంచెవి విప్పాడు.

హోటల్లోవాళ్ళు కంచాల ముందు నుంచి లేచొచ్చారు. అందరికన్నా ముందు బావ, చేతిలో గరిటెతో.

“రేయ్, ఆగరా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“పెద్దావిడ బావా. ఒక్క పాటే కదా.”

“పాట సంగతి కాదురా. మనం రోడ్డున పడతాం.”

“నన్ను విమానం ఎక్కించెయ్ బావా. ఈ పాపం ఇక నా వల్ల కాదు.”

తాళం తీసినా గొళ్ళెం మొరాయించింది. జనం మెడలు సాచారు. సూటాయన వేళ్ళ మీద నిలబడ్డాడు. దర్జీ ఎందుకో వెనక్కి వెనక్కి జరిగాడు. మామ్మ పాపిట సవరించుకుంది. బావమరిది గోడకి కాలు తన్నిపెట్టి, రెండు చేతులతో తలుపు బలంగా లాగాడు.

తలుపు వెనక జానెడు దూరంలో, సున్నమైనా వేయని ఇటుక గోడ, దానికి మేకు కొట్టి తగిలించిన స్పీకరు తప్ప ఇంకేమీ లేదు.