విక్రాంత్ చావకూడదు

"విక్రాంత్‌ను చంపినారంటే నేను ఈడనే బస్సు దిగి నడిచిపోతా, చూస్కోండి!" అంది పిల్లమ్మ.

"సుమ్మనుండు పెద్దమ్మా! వనజను సదవనీ," అని నలుగురైదుగురు ఒక్కసారే కసిరారు.

అది ఆనేకల్ నుంచి బొమ్మసంద్రకు పోయే గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సు. పొద్దున ఏడున్నర. నలభై మంది ఆడవాళ్లు టిఫిన్ క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నారు. డ్రైవర్ వెనక కడ్డీకి ఆనుకుని నిలబడి, ఇరవయ్యేళ్ల వనజ పుస్తకం తెరిచింది. 'కత్తి అంచున కలువ', మూడో భాగం. మాఫియా నాయకుడి కొడుకు విక్రాంత్, కాలేజీ పిల్ల మేఘన. వాళ్ల ప్రేమ ఏమవుతుందో ఈ పూట తేలిపోతుంది.

చివరి వరసలో కూర్చున్న హరిణి కూడా ముందుకు వంగింది. ఆ మూడు పుస్తకాలూ రాసింది ఆమే. ఆ సంగతి బస్సులో ఎవరికీ తెలియదు.

మూడో భాగం చివర, రేవులో, వానలో, విక్రాంత్ తూటా తగిలి మేఘన ఒళ్లో చచ్చిపోతాడు. పుస్తకం వచ్చిన వారం నుంచీ హరిణి ఫోన్ తెరవాలంటే భయపడుతోంది. "మూడు పుస్తకాలు చదివించి గొంతు కోశారు" అని ఒకరు. "మీరు జన్మలో ఎవరినైనా ప్రేమించారా?" అని ఇంకొకరు. చివరి పేజీలు చింపి ఫొటో పెట్టింది ఒకమ్మాయి. ఇక కథలు రాయనని పబ్లిషర్‌కు చెప్పేద్దామనుకుంటుండగా, బ్రూక్‌ఫీల్డ్‌లో ఆమె ఇంట్లో వంట చేసే కెంపమ్మ అంది, "మా పెద్దమ్మోళ్ల బస్సులో మీ కథే సదువుతారంటక్కా. ఒగసారి వచ్చి చూడండి." ఆ పెద్దమ్మే పిల్లమ్మ.

వనజ గొంతు సవరించుకుంది.

"విక్రాంత్ గోడౌన్ తాళాలు తెచ్చి మేఘన ముందర పెట్టినాడు. 'ఇదంతా నీదే. నా రాణివై ఉండు. నిన్ను నేను కాపాడుకుంటా' అన్నాడు."

హరిణి ఉలిక్కిపడింది. తన పుస్తకంలో గోడౌన్ లేదు. తాళాలూ లేవు.

"మేఘన తాళాలు తీసుకునింది. పోయి గోడౌన్ తెరిచింది. లోపల విక్రాంత్ నాయన మూసిపెట్టిన ఆడపిల్లోళ్లు. 'పోండమ్మా, మీ ఇండ్లకు పోండి' అనింది."

ఎవరో చప్పట్లు కొట్టారు. వనజ పేజీ తిప్పింది.

హరిణికి కోపం ముంచుకొచ్చింది. ఎవరో దొంగ పుస్తకం అచ్చేసి ముగింపు మార్చేశారు! లేచి అడగాలనుకుంది. అంతలో వనజ గొంతు తగ్గించింది. హరిణి లేవలేదు.

"విక్రాంత్ తుపాకీ ఎత్తినాడు. 'నా మాట కాదని పోతావా?' మేఘన బెదరలేదు. 'నన్ను కాపాడొద్దు. తెల్లారి ఆరింటికి లేసి, క్యారియర్ కట్టుకోని, అందరి మాదిరి పనికి పోతావా? పోతానంటే రేపు నాతో బస్సెక్కు. లేదంటే ఇప్పుడే కాల్చు' అనింది. అని, ఈపు తిప్పి నడిచింది."

చందాపుర దాటి బస్సు హోసూరు రోడ్డెక్కింది. లారీల హారన్లు ఎవరి చెవికీ ఎక్కలేదు.

"పది అడుగులు. ఇరవై అడుగులు. తూటా రాలేదు. వాడూ రాలేదు. మర్నాడు పొద్దున మేఘన బస్టాపుకు పోయింది. ఆడ చూస్తే..." వనజ ఆగింది.

"చెప్పవే తల్లీ!" అంది పిల్లమ్మ.

"క్యూలో అందరి ఎనకాల విక్రాంత్ నిలబడుండాడు. చేతిలో తుపాకీ లేదు. క్యారియర్ ఉండాది."

పిల్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని భోరుమంది. ఏడుస్తూనే నవ్వింది. ఒక పిల్ల పక్కనున్న పిల్ల మెడ చుట్టేసి వదల్లేదు. "వచ్చినాడే! వచ్చినాడే!" అని వెనక సీట్లలో ఒకటే అరుపు. డ్రైవర్ మునీంద్ర ఫ్యాక్టరీ గేటు దాటేసి, అర ఫర్లాంగు పోయాక తెలుసుకుని బస్సు వెనక్కి తిప్పాడు.

మూడేళ్లు రాసింది హరిణి. మేఘన అట్లా వీపు తిప్పి నడవగలదని ఒక్కనాడూ తోచలేదు. తన చేతిలో ఆ పిల్ల ఏడవడం తప్ప ఏమీ చేయలేదు.

అందరూ కళ్లు తుడుచుకుంటూ దిగారు. హరిణి మెట్ల దగ్గర వనజను ఆపింది.

"ఆ పుస్తకం ఒకసారి ఇస్తావామ్మా?"

గబగబా చివరి పేజీలు తిప్పింది. రేవు. వాన. మేఘన ఒళ్లో విక్రాంత్ తల. ప్రతి అక్షరం తనదే. దొంగ పుస్తకం కాదు.

"ఇందులో విక్రాంత్ చనిపోయాడు కదా!" అంది.

"అయ్యో! చచ్చిపోయినాడా?" వనజ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. వెంటనే కంగారుగా గేటు వైపు చూసింది. "వాళ్లకు చెప్పొద్దక్కా, మీకు దండం పెడతా. మొదటి పుస్తకం అనిత సదివేది. ఆ యమ్మ పెండ్లయి పోయినాక అందరూ దిగులు పడిపోతే, మిగిలిన రెండూ నేను పట్టుకున్నా."

"పట్టుకుంటే, ఉన్నది ఉన్నట్టు చదవొచ్చు కదా! ఇదంతా నువ్వే కల్పించడమెందుకు?"

వనజ పుస్తకాన్ని వెనక్కి తీసుకుని, చున్నీ కింద దాచుకుని తల దించుకుంది.

"నాకు సదువే రాదక్కా."