తెగి అతికిన పోగు

"ఎవరిది ఇది?" అన్నాడు వెంకటకృష్ణ, మైక్రోస్కోపు మీద నుంచి కన్ను తీయకుండా.

నజియా ఇంకో స్లైడు చేతిలో పట్టుకుని నిలబడింది.

"నిన్నే. ఎవరిది?"

"ధన్‌సింగ్‌ది సార్."

"నేననుకున్నదే." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

కణం రెండుగా చీలే వేళ లోపలి క్రోమోజోములు పోగుల్లా విడివిడిగా కనబడతాయి. సరిగ్గా అప్పుడు కణాన్ని ఆపి, గాజుపలక మీద పరిచి చూడటమే కొత్తగూడెంలోని ఆ ల్యాబులో పని. ఈ స్లైడులో ఒక పోగు చివర తెగి ఇంకో పోగుకు అతుక్కుంది. దాని ముక్క దీనికి, దీని ముక్క దానికి. అలాంటి మగవాడికి ఏ జబ్బూ ఉండదు. తింటాడు, తిరుగుతాడు. భార్య కడుపు మాత్రం మాటిమాటికీ పోతుంది.

"పిలువు వాళ్ళని."

"సార్, ఇంకోసారి చేసి చూస్తే..."

"రెండుసార్లు చేశావు. అన్ని కణాల్లోనూ అదే ఉంది. ఇంకేం చూస్తావు? పాపం, పొద్దున్నే బస్సెక్కి వచ్చారు."

నజియా కదల్లేదు. ఆయనే వెళ్ళి తలుపు తీశాడు.

ధన్‌సింగ్‌ది భద్రాచలం అవతల అడవి అంచు తండా. మిర్చి కోత వదిలి వచ్చాడు. వెనకాల భార్య చాందీ. ఆమె చేతిలో బట్టల మూట ఉంది. కడుపు నిలవకపోవడం ఆమె తప్పేనని తేలితే ఇటు నుంచి ఇటే పుట్టింటికి పొమ్మని అత్త చెప్పి పంపింది. కొడుక్కి ఇంకో పిల్లను కూడా చూసి పెట్టింది.

వెంకటకృష్ణ ఇద్దరినీ కూర్చోబెట్టాడు. కాగితం మీద రెండు గీతలు గీసి, చివర్లు మార్చి చూపించాడు. ఓపికగా చెప్పాడు.

"అంటే నాదేనా సార్ తప్పు?"

"తప్పు అనకు. పుట్టుకతో వచ్చింది. కానీ నీ భార్యను అనడానికి లేదు. ఇన్నేళ్ళూ ఎన్ని మాటలన్నారో ఆమెను! ఒక్కనాడన్నా నీ రక్తం చూపించుకోవాలని అనిపించిందా నీకు?"

ధన్‌సింగ్ తల దించుకున్నాడు. అంత మీసమున్న మనిషి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కుర్చీ దిగి చాందీ కాళ్ళు పట్టుకోబోయాడు.

ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. "గిక్కడెందుకు? ఆ మొక్కేదో మీ అమ్మ ముందట మొక్కు. ఆమె నన్ను అన్నన్ని మాటలంటుంటే నోట్లె బెల్లం పెట్టుకున్నవ్ గదా."

"మొక్కుతా. పంచాయతీల నిలబడి అందరి ముందట చెప్తా, నాలోనే ఉన్నదని."

నజియా ఉలిక్కిపడింది. "గంత అవసరం లేదన్నా," అంది.

"చెప్పాలె మేడమ్. ఇంత చేసి కూడా దాచుకుంటే నేను మనిషినేనా?"

పోతూ పోతూ రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టాడు. ఆమె తిరిగి పెట్టలేకపోయింది. సింకు దగ్గరికి వెళ్ళి నల్లా తిప్పి, శుభ్రంగా ఉన్న చేతులనే కడుక్కుంది.

"ఏంటి, అట్లా ఉన్నావు? మంచి పని చేశాం. ఒక ఆడపిల్ల కాపురం నిలబడింది."

"ఆయన ఇజ్జత్ పోతది గదా సార్."

"పోనీ. ఇట్లాంటి మగాళ్ళకు అప్పుడే బుద్ధొస్తుంది."

నజియా నల్లా కట్టేసింది. ఆయన సంతకం లేనిదే ఆమెకు డాక్టరేటు రాదు. తండ్రి అహ్మద్ పాషా కుట్టుమిషను మీద కూర్చుని, బట్టలు ఇవ్వడానికి వచ్చిన ప్రతివాడికీ "మా బిడ్డ డాక్టరమ్మ అయితది" అని ముందే చెప్పుకుంటున్నాడు.

ఫోను మోగింది. వెంకటకృష్ణ తల్లి భారతమ్మ. ఆవిడ గొంతు గదంతా వినబడింది.

"ఒరే కృష్ణా, ఇంకా అక్కడే ఉన్నావేంట్రా? ఇక్కడ ఎర్రుపాలెంలో పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. మీ ఆవిడ విడాకుల కాగితం మీద సంతకం పెడతానంది. నువ్వూ వచ్చి పెట్టేస్తే వదిలిపోద్ది."

"బయలుదేరుతున్నానమ్మా."

"బతిమాలిద్దేమో, మెత్తబడకు. మొన్నటిది కూడా నిలవలేదు. ఆ పిల్ల కడుపే అంత."

"తెలుసులేమ్మా."

ఆయన ఫోను జేబులో వేసుకుని కారు తాళాలు అందుకున్నాడు.

ఆయన భార్య ప్రసూన ఈ ల్యాబుకు చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా నజియా టిఫిన్ డబ్బా మూత తీసి, "ఇంతేనా తినేది? పిట్టవా?" అని కోప్పడేది.

"ప్రసూనక్క ఏమంటున్నది సార్?"

"ఏమంటుంది? ఏడుస్తుంది. నేను మాత్రం ఏం చెయ్యను నజియా? నా చేతిలో ఉన్నదా?"

ఆయన గుమ్మం వైపు నడిచాడు. నజియా మైక్రోస్కోపు కింద నుంచి ఆ స్లైడు తీసి పట్టుకుని, గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"జరుగు. నాకు టైమైపోతోంది."

"సార్, ఇది ధన్‌సింగ్‌ది కాదు, పోల్చి చూసుకోనీకి బాగున్న మనిషి రక్తం కావాలంటే మొన్న మీరే చెయ్యి చాపిన్రు గదా, ఆ రక్తానిది."