మొగులమ్మ బకెట్

ఆ టవర్లలో బాత్‌రూముల్లో కుళాయిలు పీకేసి పదేళ్లయింది. ఇంటికో వేడినీళ్ల టబ్బు, అవే నీళ్లు నెలంతా. నీళ్లను కడిగేది ఫిల్టరు. కింద నుంచి బకెట్‌తో నీళ్లు మోసుకొచ్చి ఆ ఫిల్టరును కడిగేది మొగులమ్మ.

ఈరోజు హైమవతిగారింట్లో సగం స్నానంలో టబ్బు నీళ్లన్నీ లోపలికి లాగేసుకుని ఆగిపోయింది.

"ఫిల్టరు మూసుకుపోయింది. తప్పు పనిమనిషిది. మూడోసారి," అంది టబ్బు. మూడైతే పని ఊడుతుంది.

మొగులమ్మ ఫిల్టరు బయటికి లాగింది. మడతమడతకీ నువ్వులనూనె, సున్నిపిండి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మనవరాలికి నలుగు పెట్టి దీంట్లనే ముంచినవా అమ్మా? నూనె వద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

"పుట్టినరోజు కదే! నలుగు పెట్టకుండా ఎలా?"

"గదే ఈ టబ్బుకు చెప్పు. నీ గొంతైతేనే ఇంటది."

"చెబితే తప్పు మాదని నెల్లాళ్లు టబ్బు మూసేస్తారే. నీకేం, ఇంకో ఇల్లు దొరుకుతుంది."

మొగులమ్మ జిడ్డు ఫిల్టరును సోఫా మీద పడేసి, నిండు నీళ్ల బకెట్ ఎత్తుకుని గుమ్మం దాటింది.

"పిల్ల ఒంటినిండా పిండేనే! కళ్లు మండి ఏడుస్తోంది. ఆ నీళ్లయినా ఇచ్చిపో!"

మొగులమ్మ గడప అవతల బకెట్ దించి, దాని పక్కనే చతికిలబడింది.

"ఇస్త. ముందుగాల ఆ టబ్బుకు నిజం చెప్పు."